అయోర్టిక్ వాల్వ్ సైజు 19 అంటే చిన్నదా? పెద్దది వేయమని అడగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అమ్మగారికి 46 ఏళ్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే తలుపు) బాగా ఇరుకైపోయింది, మెకానికల్ వాల్వ్, అంటే కార్బన్‌తో చేసిన కృత్రిమ వాల్వ్ వేయాలన్నారు. ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఆన్యులస్, అంటే వాల్వ్ కూర్చునే వలయం, 19 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. సర్జన్ గారు "19 గానీ 21 గానీ పడుతుంది, ఆపరేషన్ టేబుల్ మీద చూసి నిర్ణయిస్తాం" అన్నారు. మీ బంధువొకరు "మా బావకు 25 వేశారు, 19 అంటే పిల్లలకు వేసేది, పెద్దది వేయమని గట్టిగా అడగండి" అన్నారు. అప్పటి నుంచి మీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పెద్దది కావాలని పట్టుబట్టాలా, మంచి వాల్వ్ ఏదో చూసి ముందే కొనిపెట్టుకోవాలా అని అడుగుతున్నారు.

నేను హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా గుండె ఆపరేషన్లు చేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెప్తాను.

పెద్ద సైజు కావాలని పట్టుబట్టకండి. "మీరు వేసే వాల్వ్ మా అమ్మ ఒంటికి సరిపోతుందా? లోపల చోటు సరిపోకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. మీరు చెప్పిన ఎత్తు, బరువుకు 19 సైజు వాల్వ్ చాలా సందర్భాల్లో సరిపోతుంది. అయితే అది ఏ మోడల్ 19 అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. సర్జన్ గారు టేబుల్ మీద చూస్తామన్నది తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదు, నిజం. ముందే కొనడం అనవసరం, కొన్నా పనికొస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇక కారణాలు.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు కొన్నారనుకోండి. మీరు సైజు చెప్పినా కొట్టాయన ముందు చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింది ఎముక దగ్గర నొక్కి చూస్తాడు. గాజు దాటాల్సింది అక్కడే కాబట్టి. ఇప్పుడు బయటి చుట్టుకొలత ఒకటే ఉన్న ఒక మట్టిగాజు, ఒక లక్కగాజు పక్కపక్కన పెట్టండి. లక్కగాజుకు మందం ఎక్కువ, అందుకని లోపలి ఖాళీ తక్కువ. వాల్వ్ విషయంలోనూ ఈ రెండే. గుండెలో వాల్వ్ కూర్చునే వలయాన్ని ఆన్యులస్ అంటాం. ఆ వలయంలో పట్టాల్సింది వాల్వ్ బయటి కొలత. రక్తం పారేది మాత్రం లోపలి ఖాళీలోంచి. మధ్యలో కార్బన్ రింగు మందం, కుట్లు వేయడానికి చుట్టూ ఉండే గుడ్డ మందం ఉంటాయి.

పెట్టె మీద రాసే 19, 21, 23 అనే నంబరు సుమారుగా ఆ బయటి కొలత. ఎన్ని మిల్లీమీటర్ల ఆన్యులస్‌లో ఈ వాల్వ్ కూర్చుంటుందని కంపెనీ చెప్పే లెక్క అది. లోపల ఎంత దారి ఉందో ఆ నంబరు చెప్పదు. ఒక కంపెనీ 21కీ ఇంకో కంపెనీ 21కీ లోపలి దారి ఒకటి కాదు. ఒకే కంపెనీలో పాత మోడల్, కొత్త మోడల్ మధ్యే చాలా తేడా ఉంటుంది. కాబట్టి మీ బంధువుల బావగారి 25తో అమ్మగారి 19ని పోల్చడం కుదరదు. ఆయన ఎత్తెంత, బరువెంత, ఏ వాల్వ్, అసలు వేసింది అయోర్టిక్ స్థానంలోనా, గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ స్థానంలోనా? మైట్రల్ స్థానంలో పెద్దవాళ్లకు 25 అంటే చిన్న సైజు కిందే లెక్క.

ఇప్పుడు ఒంటి అవసరం. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపాలన్నది మనిషి ఒంటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. దాన్ని బాడీ సర్ఫేస్ ఏరియాతో కొలుస్తాం. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే వస్తుంది. అమ్మగారికి 150ని 52తో గుణిస్తే 7800. 3600తో భాగిస్తే 2.17. వర్గమూలం సుమారు 1.47. అంటే 1.47 చదరపు మీటర్లు.

వాల్వ్‌లోంచి రక్తం నిజంగా పారే దారి వైశాల్యాన్ని ఎఫెక్టివ్ ఆరిఫిస్ ఏరియా అంటాం. పలకడం కష్టం కాబట్టి ఈఓఏ అని పొట్టిగా పిలుస్తాం. అయోర్టిక్ స్థానంలో ఒంటి విస్తీర్ణంలో ప్రతి చదరపు మీటరుకు 0.85 చదరపు సెంటీమీటర్లకు మించి దారి ఉంటే ఇబ్బంది లేదు. 0.85కీ 0.65కీ మధ్య ఉంటే ఒక మోస్తరు కొరత. 0.65 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైన కొరత. దీన్నే మిస్‌మ్యాచ్ అంటారు. వాల్వ్ బాగానే పనిచేస్తుంటుంది, కానీ ఆ మనిషికి అది చాలదు. 1978లో రహీమ్‌తులా అనే కార్డియాలజిస్టు ఈ సమస్యకు పేరు పెట్టారు. అప్పటి నుంచి సైజు గురించి మేం మాట్లాడుకునే మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

అమ్మగారికి కావాల్సింది 1.47 ఇంటూ 0.85, అంటే కనీసం 1.25 చదరపు సెంటీమీటర్ల ఈఓఏ. ఇప్పుడు చూడండి. సెయింట్ జూడ్ కంపెనీ పాత స్టాండర్డ్ మోడల్ 19కి ఈఓఏ సుమారు 1.0. దాన్ని 1.47తో భాగిస్తే 0.7 దగ్గర వస్తుంది, అంటే ఒక మోస్తరు కొరత. అదే కంపెనీ రీజెంట్ మోడల్ 19కి సుమారు 1.5. భాగిస్తే 1.0 దాటుతుంది, ఏ ఇబ్బందీ లేదు. నంబరు రెండిటి మీదా 19 అనే ఉంటుంది. రీజెంట్‌లో గుడ్డ భాగాన్ని ఆన్యులస్ పైన కూర్చునేలా మార్చి, లోపల కార్బన్ రింగును పెద్దది చేశారు, తేడా అంతా అక్కడే. ఆన్-ఎక్స్ వాల్వ్‌లో కూడా 19కి ఈఓఏ సుమారు 1.5 దగ్గరే ఉంటుంది. పాత స్టాండర్డ్ మోడల్‌లోనే 21 అయితే సుమారు 1.4, అదీ అమ్మగారికి సరిపోతుంది.

కాబట్టి మీరు సర్జన్ గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న సైజు గురించి కాదు, మోడల్ గురించి. "ఏ మోడల్ వాడతారు సార్? అందులో 19 పడితే మా అమ్మకు ఇండెక్స్‌డ్ ఈఓఏ ఎంత వస్తుంది?" అని అడగండి. ఈఓఏను ఒంటి విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేదే ఇండెక్స్‌డ్ ఈఓఏ. ఈ అంకెలు మా దగ్గర పట్టికల్లో ఉంటాయి. అడిగితే చూసి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇలా అడిగారని ఎవరూ నొచ్చుకోరు. నన్ను అడిగితే నాకు సంతోషమే.

మన దేశపు చిత్రా వాల్వ్ గురించి కూడా చాలామంది అడుగుతారు. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారై, 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన వాల్వ్ అది. ధర తక్కువ కాబట్టి మన దగ్గర ఎన్నో వేల కుటుంబాలకు ఆసరా అయింది. అందులో రెండు రెక్కలు ఉండవు, ఒకే బిళ్ల పక్కకు వాలి తెరుచుకుంటుంది. కాబట్టి రెండు రెక్కల వాల్వ్‌ల అంకెలు దానికి వర్తించవు, దాని పట్టిక దానిదే. ఆరోగ్యశ్రీలో చేయించుకుంటున్నా ఈ లెక్క అడిగే హక్కు మీకు ఉంది. స్కీములో చేస్తున్నారు కాబట్టి అడగకూడదేమో అని మొహమాటపడకండి.

మరి ఎకోలో 19 అని ఉంటే టేబుల్ మీద చూడాల్సిన పనేంటి? ఎకో ఆన్యులస్‌ను ఒక వైపు నుంచి, ఒకే వ్యాసంగా కొలుస్తుంది. ఆన్యులస్ నిజానికి కచ్చితమైన గుండ్రం కాదు, కాస్త కోడిగుడ్డు ఆకారం. పైగా ఇరుకైన వాల్వ్‌లో కాల్షియం గడ్డలు పేరుకుని ఉంటాయి, వాటి నీడలో కొలత అటూ ఇటూ అవుతుంది. సీటీ తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. చిన్న ఆన్యులస్ ఉన్నవాళ్లకు నేను ముందే సీటీ తీయిస్తాను. కానీ సీటీ అయినా ఆ కాల్షియం తీసేశాక వలయం ఎంత వదులవుతుందో చెప్పలేదు.

టేబుల్ మీద జరిగేది ఇది. గుండెను ఆపి, గుండె నుంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళమైన అయోర్టాను తెరిచి, పాడైన రెక్కల్ని కత్తిరిస్తాం. తర్వాత కాల్షియంను కొరికే పట్టకారుతో కొద్దికొద్దిగా తీస్తాం. కొందరిలో అది పాత గోడకు అంటుకున్న సున్నంలా పెళుసుగా రాలుతుంది, కొందరిలో కండలోకి దిగిపోయి రాయిలా ఉంటుంది. ఒక్క ముక్క లోపలికి జారినా మెదడుకు వెళ్లే ప్రమాదం ఉంది, అందుకని పక్కనే సక్షన్ పెట్టుకుని చాలా నెమ్మదిగా చేస్తాం. మొత్తం శుభ్రమయ్యాక సైజర్ అడుగుతాం. పిడి చివర గుండ్రటి మొన ఉన్న పుల్ల లాంటిది అది. ఏ వాల్వ్ వేస్తామో ఆ వాల్వ్ సైజరే వాడాలి, ఒక కంపెనీ సైజర్‌తో కొలిచి ఇంకో కంపెనీ వాల్వ్ వేయకూడదు. 19 సైజర్ దించుతాం. సులువుగా, ఆనీ ఆననట్టు దిగిపోతే 21 అడుగుతాం. 21 కొద్దిగా రాసుకుంటూ, తోయకుండా దిగితే అదే సైజు. తోస్తేనే దిగుతుందంటే అది కాదు. ఇది కళ్లతో చూసే దానికంటే వేళ్లకు తెలిసే విషయం.

అంతటితో అయిపోదు. సైజర్ రెండో చివర వాల్వ్ నమూనాలాగే ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టి, గుండెకు రక్తం ఇచ్చే కరోనరీ నాళాల నోళ్లు మూసుకుపోతున్నాయా చూస్తాం. చిన్నపాటి ఆడవాళ్లలో ఆ నోళ్లు ఆన్యులస్‌కు చాలా దగ్గరగా ఉండొచ్చు. అప్పుడు సైజర్ దిగినా పెద్ద వాల్వ్ వేయలేం.

ఇందుకే వాల్వ్ ముందే కొనొద్దు అన్నాను. మా దగ్గర ఆపరేషన్ రోజున అన్ని సైజుల వాల్వ్‌లూ సీల్ తీయకుండా థియేటర్‌లో ఉంటాయి. వాడిన ఒక్కదానికే బిల్లు. మీ ఆస్పత్రిలో పద్ధతి ఎలా ఉందో ఒకసారి కనుక్కోండి, అక్కడా ఇలాగే ఉండొచ్చు.

ఇప్పుడు మీ బంధువుల మాటకు వస్తాను. పెద్దది వేస్తే నష్టమేంటి? వాళ్లు అడగడంలో తప్పు లేదు. వ్యాసం 19 నుంచి 21కి పెరిగితే వైశాల్యం 22 శాతం పెరుగుతుంది, తేడా తక్కువేం కాదు. అందుకే సర్జన్లందరికీ ఒక్క సైజు పెద్దది వేయాలనే ఆశ ఉంటుంది. నాకూ ఉండేది. కన్సల్టెంట్‌గా చేరిన కొత్తలో ఒకాయనకు 21 సైజర్ చక్కగా కూర్చుంది. 23 కాస్త తోస్తే దిగింది. ఆయన మంచి ఎత్తు మనిషి, 23 అయితే బాగుంటుందనిపించి దాన్నే వేశాను. కుట్లన్నీ ముడేశాక, రెక్కలు కదుపుతూ చూస్తే ఒక రెక్క సగం తెరుచుకుని ఆగిపోతోంది. ఆన్యులస్ కింది కండ దానికి అడ్డు తగులుతోంది. వాల్వ్‌ను తిప్పి చూశాను, లాభం లేకపోయింది. కుట్లన్నీ కోసేసి, దాన్ని తీసి, 21 వేశాను. గుండె ఆపి ఉంచిన సమయం అనవసరంగా దాదాపు ముప్పావు గంట పెరిగింది. ఆ రాత్రంతా ఐసీయూలో ఆయన మంచం పక్కనే ఉన్నాను, గుండెకు బలమిచ్చే మందుల మీద నాలుగు రోజులు ఉంచాల్సి వచ్చింది. ఆయన కోలుకుని ఇంటికెళ్లారు. ఆ 21తోనే హాయిగా ఉన్నారు. అప్పటి నుంచి సైజర్ చెప్పిన మాట నేను దాటలేదు.

రెక్క తగలడం ఒక్కటే కాదు. బలవంతంగా దించితే ఆన్యులస్ చిరగొచ్చు, అది ప్రాణం మీదకు తెచ్చే రక్తస్రావం. వాల్వ్ వంకరగా కూర్చుంటే పక్క నుంచి రక్తం లీకవుతుంది. ఆన్యులస్ పక్కనే గుండెకు కరెంటు తీగ లాంటి సన్నటి కండ పోగు పోతుంది, అది నలిగితే పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. ఒక సైజు పెరిగితే వచ్చే లాభం ఈ నష్టాల ముందు ఎంత?

అలాగని చిన్నదానితో సర్దుకుపోవాలని నేను అనను. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్ అయితే పదీ పదిహేనేళ్లకు అరిగిపోతుంది, అప్పుడు రెండో అవకాశం వస్తుంది, కొందరికి కాలి నాళం గుండా లోపలే ఇంకో వాల్వ్ పెట్టొచ్చు. మెకానికల్ వాల్వ్‌కు ఆ దారి లేదు. దాని లోపల ఇంకోటి పెట్టలేం. అది అరగదు, అందుకే 46 ఏళ్ల వయసులో దాన్ని ఎంచుకుంటాం. కానీ అరగని వాల్వ్ ఇరుకుగా ఉంటే ఆ ఇరుకు కూడా జీవితాంతం ఉంటుంది. గుండె కండ మందం తగ్గాల్సినంత తగ్గదు. మెట్లెక్కితే ఆయాసం మిగిలిపోతుంది. వయసు తక్కువున్నవాళ్లకు, శారీరక శ్రమ చేసేవాళ్లకు, గుండె పంపింగ్ ముందే తగ్గినవాళ్లకు ఇది ఎక్కువ దెబ్బ.

చోటు నిజంగా చాలకపోతే దారి ఉంది: వలయాన్నే పెద్దది చేయడం. దీన్ని ఆన్యులర్ ఎన్‌లార్జ్‌మెంట్ అంటాం. ఆన్యులస్‌ను వెనక వైపు కోసి, అక్కడ ఒక ప్యాచ్ కుట్టి వెడల్పు చేస్తాం. ప్యాచ్‌గా గుండె చుట్టూ ఉండే పొరనో, దూడ గుండె పొర నుంచి చేసిన ప్యాచ్‌నో వాడతాం. నిక్స్ పద్ధతి 1970లో, మనూగియన్ పద్ధతి 1979లో వచ్చాయి, మేం నేర్చుకున్నవి అవే. ఇటీవల 2020 నుంచి మిషిగన్‌లో బో యాంగ్ గారు చేస్తున్న వై ఆకారపు కోత పద్ధతితో మూడు నాలుగు సైజులు కూడా పెంచుతున్నారు. అందరూ చేయరు, అందరికీ అవసరం లేదు.

సూర్యాపేట వైపు నుంచి ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. 38 ఏళ్లు, 172 సెంటీమీటర్లు, 86 కిలోలు. ఒంటి విస్తీర్ణం సుమారు 2.03. కావాల్సిన ఈఓఏ 1.7 పైన. లోపల చూస్తే 19 సైజర్ బిగుతుగా దిగింది, 21 ససేమిరా దిగలేదు. మంచి మోడల్ 19 వేసినా అతనికి ఇండెక్స్ 0.74 దగ్గర ఆగుతుంది. ఇల్లంతా అతని మీద ఆధారపడి ఉంది, బరువు పని. ముందే అతనితో, భార్యతో ఈ అవకాశం గురించి మాట్లాడి ఉన్నాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. వెనక వైపు కోసి ప్యాచ్ వేసి 21 కూర్చోబెట్టాం. సుమారు అరగంట ఎక్కువ పట్టింది. ప్యాచ్ కుట్టులోంచి మొదట కొద్దిగా రక్తం ఊరింది, ఇంకో రెండు కుట్లు వేస్తే ఆగింది. ఇప్పుడు ఎకోకు వచ్చినప్పుడల్లా మూడో అంతస్తుకు లిఫ్ట్ ఎక్కకుండా వస్తాడు.

అదే 19 వేసిన ఒకామె మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి వస్తారు. 145 సెంటీమీటర్లు, 42 కిలోలు. ఆమె ఒంటి విస్తీర్ణం 1.3. ఆమెకు 19 పుష్కలంగా సరిపోయింది, పొలం పనులు చేసుకుంటున్నారు. ఇద్దరికీ లోపల కొలత ఒకటే, ఒకరికి కోత కోసి పెంచాం, ఒకరికి అక్కర్లేకపోయింది. నంబరు చూసి బెంగపడొద్దని మళ్లీ మళ్లీ చెప్పడం ఇందుకే.

బరువు గురించి ఒక మాట. ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ లెక్క అవసరాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే కొవ్వుకు కండకు కావాల్సినంత రక్తం అక్కర్లేదు. అందుకని బీఎంఐ 30 దాటినవాళ్లకు 0.85 బదులు 0.70ని హద్దుగా పెట్టుకుంటాం. అమ్మగారికి ఇది వర్తించదు, ఆమె బీఎంఐ 23 దగ్గరే ఉంది.

మైట్రల్ వాల్వ్ మార్పిడి అయితే కథ వేరు. మన దగ్గర చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల పాడయ్యేది ఎక్కువగా అదే, దీన్ని చదివేవాళ్లలో వాళ్లూ ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అక్కడ హద్దు 1.2. చోటు సాధారణంగా సమస్య కాదు, పెద్దది వేయాలనే ఆశే సమస్య. మైట్రల్ ఇరుకైనవాళ్లలో ఎడమ గది చిన్నదిగా ఉంటుంది, పెద్ద వాల్వ్ వేస్తే గది గోడకు తగిలి రెక్క ఆగొచ్చు, గుండె వెనక గోడ చిరగొచ్చు. పైగా కొన్ని మోడళ్లలో పెద్ద సైజులకు లోపలి రింగు ఒకటే, బయట గుడ్డ మాత్రమే పెరుగుతుంది. 29కి బదులు 31 వేశారని సంతోషించడానికి ఏమీ ఉండదు. రెండు వాల్వ్‌లూ మార్చేటప్పుడు మైట్రల్ పెద్దది పెడితే అది పక్కనున్న అయోర్టిక్ వలయాన్ని నొక్కి చిన్నది చేస్తుంది. అందుకే ఆ రెంటినీ కలిపి ఆలోచిస్తాం.

ఆపరేషన్ అయ్యాక ఎకో చేయిస్తారు. అందులో గ్రేడియంట్ (వాల్వ్‌కు ఇవతలా అవతలా ఉండే రక్తపు ఒత్తిడిలో తేడా) అనే అంకె చూసి మళ్లీ టెన్షన్ మొదలవుతుంది, అందుకే ముందే చెప్తున్నాను. మెకానికల్ వాల్వ్‌కు ఎప్పుడూ కొంత గ్రేడియంట్ ఉంటుంది. 19 సైజుకు సగటు గ్రేడియంట్ 10 నుంచి 20 మధ్య ఉండటం మామూలే. చిన్న సైజు రెండు రెక్కల వాల్వ్‌లలో మధ్య సందులోంచి రక్తం వేగంగా దూసుకెళ్తుంది. ఎకో ఆ వేగాన్ని పట్టుకునే లెక్క కడుతుంది కాబట్టి అంకె ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఆపరేషన్ అయిన ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు ఒక ఎకో తీయించి ఆ రిపోర్టు జాగ్రత్తగా దాచండి. తర్వాత జీవితాంతం పోల్చుకోవాల్సింది దానితోనే, పక్కింటివాళ్ల రిపోర్టుతో కాదు.

నల్గొండ వైపు నుంచి ఒకామె మా దగ్గరకు ఆయాసంతో వచ్చారు. 21 వాల్వ్ వేసి రెండేళ్లయింది. గ్రేడియంట్ 41 ఉంది. వేరే చోట చూపిస్తే "వాల్వ్ చిన్నది వేశారమ్మా, అందుకే" అన్నారట. ఆమె ఏడుస్తూ అడిగిన మొదటి మాట "నాకు చిన్నది ఎందుకు వేశారు సార్?" అని. పాత ఎకో తీసి చూస్తే గ్రేడియంట్ 13. రెండేళ్లలో వాల్వ్ కుంచించుకుపోదు కదా. ఎక్స్‌రే స్క్రీనింగ్ కింద చూస్తే రెండు రెక్కల్లో ఒకటి కదలడం లేదు. ఆరా తీస్తే పన్ను పీకించుకోవడానికి రక్తం పల్చబడే మాత్ర ఆపారు, మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు, మూడు వారాలు అలాగే ఉండిపోయారు. గడ్డ కట్టింది. గడ్డ కరిగించే మందు ఇచ్చాం, రెండో రోజుకి రెక్క కదిలింది. పాత రిపోర్టు లేకపోయి ఉంటే ఆమెకు సైజు మీద నింద వేసి పంపేసేవాళ్లం.

మాత్ర మాట వచ్చింది కాబట్టి: వాల్వ్ 19 అయినా 23 అయినా ఎసిట్రామ్ లేదా వార్ఫరిన్ జీవితాంతం వేసుకోవాల్సిందే. అయోర్టిక్ స్థానంలో రెండు రెక్కల వాల్వ్‌కు, ఇతర ఇబ్బందులు లేకపోతే, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చూపే టెస్టు అంకె) 2 నుంచి 3 మధ్య ఉంచుతాం. కొత్త తరం రక్తం పల్చబరిచే మాత్రలు మెకానికల్ వాల్వ్‌కు పనికిరావు, డబిగాట్రాన్‌తోనూ అపిక్సబాన్‌తోనూ ప్రయత్నించిన రెండు ట్రయల్స్ మధ్యలోనే ఆపేశారు. ఎవరైనా "టెస్టులక్కర్లేని మాత్ర ఉంది" అని మార్చబోతే ఒప్పుకోవద్దు. గోంగూర, పాలకూర పూర్తిగా మానేయక్కర్లేదు, కానీ ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తినడం వద్దు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్ గారిని కలిసినప్పుడు ఈ నాలుగు అడగండి. ఒకటి, ఏ మోడల్, అందులో 19కి, 21కి అమ్మకు ఇండెక్స్ ఎంత. రెండు, సీటీ అవసరమా. మూడు, 19 కూడా బిగుతైతే ఆన్యులస్ పెంచుతారా, ఆ టీమ్‌కు అందులో అలవాటుందా. నాలుగు, వలయం పెంచడానికి మీ అనుమతి ముందే తీసుకుంటారా. టేబుల్ మీద గుండె ఆగి ఉన్నప్పుడు బయటికొచ్చి మిమ్మల్ని అడిగే సమయం ఉండదు. అందుకే ఈ మాట ముందురోజే తేల్చుకోవాలి. ఇంట్లో నిర్ణయం తీసుకునేవాళ్లందరినీ ఆ రోజు తీసుకెళ్లండి, అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. ఒళ్లు ఆమెది.

డిశ్చార్జ్ రోజున వాల్వ్ కార్డు ఇస్తారు. దాని మీద మోడల్ పేరు, సైజు, సీరియల్ నంబరు ఉంటాయి. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి మర్చిపోతారు, ఐదేళ్ల తర్వాత ఎకో చేసే డాక్టరుకు ఏ వాల్వో తెలియక అంకెలు చూసి తికమకపడతారు. కార్డు ఫోటో తీసి మీ ఫోన్‌లో, మీ తోబుట్టువుల ఫోన్లలో ఉంచండి. లామినేట్ చేయించి అమ్మగారి పర్సులో పెట్టండి.